అభిమానం, పలుకుబడి: ఆంధ్రజన సంఘం తొలితరం మిత్రబృందం – పాలమూరు నేపథ్యం

తెలుగులో ‘పలుకుబడి’ అనే మాటకు రెండర్థాలున్నాయి. మాట్లాడే తీరుకూ, నుడికారానికీ అది పేరు; నలుగురిలో మాట చెల్లే శక్తికీ అదే పేరు. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎట్లా కుదురుకున్నాయో నిఘంటుకారులు తేల్చవలసిన విషయం. కాని హైదరాబాదు రాజ్యంలోని తెలుగువారి చరిత్రలో ఆ రెండూ ఒకానొక సందర్భంలో ఒకే వేదిక మీద ఎదురుపడ్డాయి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘసంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షత వహించారు. ఇతర భాషల ప్రసంగాలను సభ శ్రద్ధగా విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి గోల మొదలైంది; ఎగతాళి చప్పట్ల మధ్య ఆయన ప్రసంగం సాగలేదు. రాజ్యంలో దాదాపు సగంమంది ప్రజల భాషకు రాజధానిలోని సభలో విలువ లేదని తేలిపోయింది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో డజనుకు మించని తెలుగువారు కూర్చుని ఆంధ్రజన సంఘానికి పునాది వేశారు.

ఈ ఘట్టం తెలంగాణ చరిత్ర గ్రంథాలన్నింటిలోనూ కనిపిస్తుంది. దాని తరువాత గ్రంథాలయాలు, పత్రికలు, ఆంధ్రమహాసభలు వరుసగా వస్తాయి. అయితే ఆ వరుసలో ఒక ప్రశ్న అడుగున పడిపోయింది. ఆ గదిలోనూ, తరువాతి పాతికేళ్లు అలాంటి గదుల్లోనూ కూర్చున్న కొద్దిమందిలో ఎవరి మాట చెల్లింది? చెల్లిందని ఎవరనుకున్నారు? ఒక వ్యక్తి మీద తోటివారికున్న ఇష్టానికీ, అతనికి పలుకుబడి ఉందన్న వారి నమ్మకానికీ మధ్య సంబంధం ఎలాంటిది? నాయకుల గుణగణాలను కీర్తించే వ్యాసాలు మనకు కొల్లలు. వారి పలుకుబడిని తోటివారు ఎట్లా అంచనా కట్టారన్నది వేరే విషయం. దాన్నే ఇక్కడ చర్చిస్తున్నాను. సురవరం ప్రతాపరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు అనే ఇద్దరు పాలమూరు ప్రముఖుల మీద ఎక్కువసేపు నిలుస్తాను. ఒకే బృందంలో, దాదాపు ఒకే వయసులో ఉండి కూడా ఈ ఇద్దరూ అభిమానాన్ని, పలుకుబడిని వేర్వేరు దారుల్లో పొందడమే అందుకు కారణం.

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా వేసినవారు సాంఘిక మనోవైజ్ఞానికులు. 1934లో మొరీనో అనే పండితుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక బాలికల శిక్షణాలయంలో ఎవరు ఎవరితో కలిసి ఉండగోరుతున్నారో అడిగి, ఆ ఇష్టాయిష్టాలను బొమ్మగా గీసి చూపించాడు. 1952లో లిపిట్, అతని సహచరులు బాలుర వేసవి శిబిరాల్లో చేసిన పరిశీలన మన విషయానికి మరింత దగ్గరిది. తోటివారు ఎవరిని శక్తిమంతుడని భావించారో, ఆ పిల్లవాణ్ణే మిగిలినవారు ఎక్కువగా అనుకరించారు. అతడు కూడా తన మాట నెగ్గించుకోవడానికి ఎక్కువగా ప్రయత్నించాడు. అంటే పలుకుబడి ఉందన్న భావనే పలుకుబడిని పెంచింది. హార్వర్డులో బేల్స్ చిన్న చర్చాబృందాలను పరిశీలించి మరొక సంగతి గమనించాడు. మంచి ఆలోచనలు చెప్పేవాడూ అందరికీ ఎక్కువ ఇష్టుడూ తొలి సమావేశంలో ఒక్కరే కావడానికి అవకాశం ఎక్కువ. సమావేశాలు సాగేకొద్దీ ఆ రెండు స్థానాలూ ఇద్దరు వేర్వేరు వ్యక్తులకు దక్కుతాయి. పని జరిపించేవాడు ఎవరో ఒకరిని నొప్పించక తప్పదు కదా. ఈ పరిశీలనలు గంట రెండు గంటల చర్చల మీద, కొన్ని వారాల శిబిరాల మీద జరిగినవి. పాతికేళ్లు కలిసి పనిచేసిన ఒక బృందం మీద వాటిని యథాతథంగా మోపడం సాహసమే అవుతుంది. కాని ఏ ప్రశ్నలు అడగాలో అవి నేర్పుతాయి.

ఆధారాల గురించి కూడా ముందే ఒక మాట చెప్పాలి. ఈ బృందం చరిత్రను రాసినవారు బృందంలోనివారే. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’, మందుముల నరసింగరావు ‘50 సంవత్సరాల హైదరాబాదు’ మనకు ముఖ్యమైన ఆధారాలు. మిత్రుల గురించి మిత్రులు రాసుకున్న పుస్తకాల్లో అభిమానం ఎక్కడ ముగిసి అంచనా ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. సామాన్యంగా దీన్ని లోపంగా ఎంచుతారు. ఈ వ్యాసం మటుకు దాన్నే ఆధారంగా తీసుకుంటుంది. ఎవరు ఎవరిని పెద్దగా చూశారన్నదే మన ప్రశ్న అయినప్పుడు, ఆ చూపులోని పక్షపాతం కూడా ఒక సాక్ష్యమే.

సంస్థానం నుంచి సంఘానికి

పాలమూరు జిల్లాకు చిన్న బృందాల చరిత్ర ఆంధ్రజన సంఘంతో మొదలు కాలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఈ నేల మీదివే. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. అక్కడ ఏటేటా పండితసభలు జరిగేవి; కవులకు, శాస్త్రవేత్తలకు వార్షికాలు ముట్టేవి. ఆస్థానం కూడా ఒక చిన్న బృందమే. కాని అందులో ఇష్టం ఒకే దిక్కు నుంచి వచ్చేది. ప్రభువు ఆదరించిన పండితుడికి సభలో పలుకుబడి ఉండేది. ఆదరణ తగ్గిన నాడు అదీ తగ్గేది. తోటి పండితుల ఇష్టం మనిషికి ఊరటనివ్వగలదే గాని స్థానాన్ని ఇవ్వలేదు. విద్యలో మిన్న అయినవాడు సన్మానంలో వెనుకబడిన సందర్భాల గురించి సంస్థాన సాహిత్య చరిత్రను చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సురవరం ప్రతాపరెడ్డి ఆ గద్వాల ప్రాంతపు మనిషి. 1896లో జన్మించారు, స్వగ్రామం ఇటికాలపాడు. బూర్గుల రామకృష్ణారావు 1899లో కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్లులో పుట్టారు. సంస్థానాల సాహిత్య వాతావరణం ఇద్దరికీ పరిచితమే. అయినా వారు అడుగుపెట్టిన బృందంలో ప్రభువు లేడు. ఇష్టం ఒకరి నుంచి అందరికీ కాక, అందరి నుంచి అందరికీ ప్రసరించవలసి వచ్చింది. ఈ మార్పును మనం తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం. సంఘం అనే మాటకు ఆనాటి తెలుగువారికి తోచిన కొత్తదనంలో ఇది పెద్ద భాగం.

పాలమూరు వారే అయిన మరొక పెద్దను ఇక్కడ తలచుకోవాలి. వనపర్తి ప్రాంతపు రాయణిపేటలో జన్మించిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. రెడ్డి హాస్టలుకు ఆయనే అండ. ఉన్నత ప్రభుత్వోద్యోగి గనుక ఆంధ్రజన సంఘపు మిత్రబృందంలో ఆయన ఒకరు కారు. అయినా ఆ కాలపు తెలుగువారి లెక్కల్లో ఆయన పేరు ఎప్పుడూ ఉండేది. సంస్థానాల నాటి పలుకుబడికీ, సంఘాల నాటి పలుకుబడికీ నడుమ ఆయన ఒక వంతెన వంటివారు: పై నుంచి వచ్చిన అధికారం, కింది నుంచి వచ్చిన అభిమానం రెండూ ఒకే మనిషిలో కలిసాయి. హాస్టలు నిర్వహణ బాధ్యత స్వీకరించి ప్రతాపరెడ్డి నగరంలో స్థిరపడడం ఆ అండ లేకుండా ఊహించలేము.

గదిలో కూర్చున్నవారు

ఆంధ్రజన సంఘం చాలాకాలం చిన్న బృందంగానే ఉండిపోవడానికి రాజ్యపు నిబంధనలు కూడా ఒక కారణం. సభ జరపాలంటే అనుమతి కావాలి; గస్తీ నిషాన్ 53 పేరు చెబితేనే ఆ రోజుల్లో కార్యకర్తలకు విసుగు. బహిరంగ సభ కష్టమైన చోట ఇంటి వసారా, వకీలు ఆఫీసు గది, గ్రంథాలయపు మేడ సమావేశ స్థలాలయ్యాయి. అలాంటి చోట్ల కూర్చునేవారికి ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండక తప్పదు. గిట్టనివాణ్ణి ఇంటికి పిలవరు. కాబట్టి ఈ బృందంలో సభ్యత్వానికే ఇష్టం ఒక షరతు అయింది. పలుకుబడి కోసం పోటీ మొదలు కాకముందే ఇష్టం అనే జల్లెడ పడిందన్నమాట.

ఆ జల్లెడలోంచి దిగినవారిలో ఎక్కువమంది న్యాయవాదులు. బృందంలో బూర్గుల, మాడపాటి, కొండా వెంకటరంగారెడ్డి, మందుముల సోదరులు, సురవరం అందరూ ఆ విద్య చదివినవారే. వృత్తి ఒకటైతే భాష ఒకటవుతుంది, వాదనా పద్ధతి ఒకటవుతుంది, తీరిక వేళలు కూడా ఒకటవుతాయి. కోర్టు విడిచిన సాయంత్రాలు సంఘానికి సమయాలయ్యాయి. వకీలు కానివారిలో ఆదిరాజు వీరభద్రరావు వంటి పరిశోధకులు బృందానికి వేరొక బలం చేకూర్చారు; శాసనాల సేకరణ, లక్ష్మణరాయ పరిశోధకమండలి కృషి ఆయన పేరుతో ముడిపడినవి. కాని చరిత్ర పరిశోధన వల్ల వచ్చిన గౌరవం నిర్ణయాలలో పలుకుబడిగా మారినట్లు కనిపించదు. ఇష్టం ఉంది, గౌరవమూ ఉంది. ఏం చేయాలన్నది మాత్రం ఇతరులు తేల్చారు.

మాడపాటి హనుమంతరావు సంగతి వేరు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లాలో, 1885లో, పెరిగింది తెలంగాణలో. బృందంలో చాలామంది కన్నా పదేళ్లకు పైగా పెద్ద. ఆయనకు దక్కిన బిరుదు ‘ఆంధ్రపితామహ’. నాయకుడనో, సింహమనో కాక తాత వరుస కట్టి పిలవడంలో ఆ బృందం మనసు తెలుస్తుంది. అయితే మాడపాటి స్థానాన్ని వయసుతో, మెత్తదనంతో మాత్రమే వివరించడం పొరపాటు. ఆయన సంఘానికి కార్యదర్శి. మన సంఘాల రివాజు తెలిసినవారికి అధ్యక్షుడికీ, కార్యదర్శికీ తేడా చెప్పనక్కరలేదు. అధ్యక్ష పదవి గౌరవం. కార్యదర్శి పదవి చాకిరి. ఉత్తరాలు రాసేది, చందా పుస్తకం మోసేది, అనుమతి కోసం కచేరీల చుట్టూ తిరిగేది, తీర్మానం మాటలు కుదిర్చేది కార్యదర్శే. వెట్టిచాకిరి గురించీ, వర్తక స్వాతంత్ర్యం గురించీ, మొహతర్ఫా పన్ను గురించీ సంఘం వెలువరించిన చిన్న పుస్తకాల వెనుక ఉన్నది ఈ చాకిరే. ఆ పుస్తకాలు సామాన్య రైతుకు, చేతివృత్తులవారికి, కోమటికి వర్తించే ప్రభుత్వ ఉత్తర్వులేమిటో, ఏది చెల్లదో తెలిపాయి.

కాగితాన్ని చేతిలో ఉంచుకున్నవాడికి పలుకుబడి వస్తుంది. అది ఎక్కడైనా జరిగేదే. కాని దానితోపాటు వైరం కూడా రావాలి. బేల్స్ పరిశీలన చెప్పేది అదే. మాడపాటి విషయంలో ఆ రెండు స్థానాలూ చాలాకాలం విడిపోలేదు. పని జరిపించినవారూ ఆయనే, ఎక్కువమందికి ఇష్టులూ ఆయనే. నా అంచనాలో దీనికి కారణం అధ్యక్ష పదవిని ఆయన ఇతరులకు వదిలిపెట్టడం. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు ఆయన అధ్యక్షులు కారు. రెండోదానికీ, మూడోదానికీ కారు. 1935లో సిరిసిల్లలో నాలుగో సభ నాటికి గాని ఆయన ఆ పీఠం మీద కూర్చోలేదు. గౌరవం పంచిపెట్టి పని దగ్గర ఉంచుకున్న మనిషి మీద ఎవరికి అసూయ పుడుతుంది? ఆయన అట్లా లెక్కవేసి చేశారని నేననడం లేదు. స్వభావమే అది కావచ్చు. ఫలితం మాత్రం అదే.

మరి 1921 నాటి అవమానాన్ని స్వయంగా పడిన ఆలంపల్లి వెంకటరామారావు ఏమయ్యారు? మహాసభల అధ్యక్షుల జాబితాలో ఆయన పేరు లేదు. ఉద్యమం పుట్టుక గురించి రాసే ప్రతివారూ ఆయన పేరు తలుస్తారు, ఆ ఒక్క సాయంత్రానికే పరిమితం చేసి వదిలేస్తారు. తోటివారి సానుభూతి ఆయనకు దక్కింది. పలుకుబడి ఆ గోలకు స్పందించినవారికి దక్కింది. దెబ్బ తిన్నవాడి మీద ప్రేమ కలుగుతుంది. అతడి వెంట నడవాలని మాత్రం ఎవరికీ తోచదు. ఇది న్యాయమా అని అడగడం చరిత్రకారుడి పని కాకపోవచ్చు. కాని ఇది జరిగిందని గుర్తించకపోతే, అభిమానం నుంచి పలుకుబడికి తిన్నగా దారి ఉందనే భ్రమ మిగిలిపోతుంది.

ఇద్దరు పాలమూరు పెద్దలు

సురవరం, బూర్గులలను పోల్చే రచనలు వారి పాండిత్యం దగ్గరే ఆగిపోతుంటాయి. ఇద్దరూ బహుభాషావేత్తలు, ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవారు, ఇద్దరూ సాహిత్యోపాసకులు. తేడా వారి చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది.

బూర్గుల పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివారు. న్యాయశాస్త్ర పట్టా బొంబాయిది. మరాఠీ ఆయనకు చదువుకున్న చోటి భాష. ఫారసీ, ఉర్దూ సాహిత్యాల్లో లోతైన ప్రవేశం. సౌందర్యలహరిని తెలుగు చేసిన చేతితోనే కోర్టులో ఉర్దూ వాదాలు నడిపిన మనిషి. 1921లో తెలుగువాణ్ణి ఎగతాళి చేసిన సభలో మరాఠీ వారితో వారి భాషలోనే మాట్లాడగల తెలుగువారు ఎందరుండేవారో ఊహించుకుంటే బూర్గుల ప్రత్యేకత బోధపడుతుంది. తెలుగు మిత్రబృందంలో ఆయన ఒకరు. మరాఠీ, ఉర్దూ వకీళ్ల బృందాల్లోనూ పరాయివారు కారు. ఒక బృందంలో లభించిన ఇష్టం ఇంకో బృందంలో పలుకుబడిగా చెల్లింది. ‘ఆయన చెబితే వాళ్లు వింటారు’ అన్న నమ్మకం తెలుగువారిలో ఏర్పడింది. నిజంగా ఎంతమంది విన్నారన్నది వేరే సంగతి. ఆయన దగ్గర జూనియరుగా చేరిన యువ న్యాయవాదుల్లో పి.వి. నరసింహారావు ఒకరు.

సురవరం మద్రాసులో చదివి వచ్చారు. 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ మొదలైంది, సంపాదకులు ఆయనే. సంపాదకుడికి బృందంతో ఉండే సంబంధం వకీలుకుండే సంబంధం లాంటిది కాదు. వకీలు తన పక్షం కోసం మాట్లాడతాడు. సంపాదకుడు ఒకనాడు మిత్రుణ్ణి కూడా విమర్శించవలసి వస్తుంది. సురవరం కలం మెత్తనిది కాదు. మూఢాచారాల మీద, అధికారుల మీద, సాహిత్యంలోని అలసత్వం మీద ఆయన రాతలు చదివినవారికి ఆ సంగతి తెలుసు. ఆయనకు గదిలో ఉన్న పలుకుబడి కంటే, ఆయన్ను ఎన్నడూ చూడని చందాదారుల మధ్య ఉన్న పలుకుబడే ఎక్కువ. అక్కడ ఇష్టం ముఖపరిచయం వల్ల పుట్టినది కాదు, చదివి పుట్టింది.

దానికి పెద్ద దృష్టాంతం ‘గోలకొండ కవుల సంచిక’. తెలంగాణలో కవులు లేరన్న ఒక వ్యాఖ్య పత్రికలో వచ్చినప్పుడు, సురవరం వాదానికి దిగకుండా 354 మంది కవుల వివరాలను, పద్యాలను సేకరించి 1934లో ప్రచురించారు. ఆ కవుల్లో ఎందరో మారుమూల పల్లెల్లో ఉన్నవారు, ఒకరికొకరు తెలియనివారు. అటువంటివారిని ఒక పుస్తకంలో పక్కపక్కన కూర్చోబెట్టడం ద్వారా సురవరం ఒక కొత్త బృందాన్ని కల్పించారు. దానికి గది లేదు, సభ లేదు, అనుమతి అక్కరలేదు. మొరీనో ఆ ఏడే ఇష్టాయిష్టాల బొమ్మలతో తన పుస్తకం వేయడం కాకతాళీయం. కాని 354 పేర్లూ ఒకే వ్యక్తి వైపు తిరిగి ఉన్న ఆ సంచికను అటువంటి బొమ్మగా ఊహించుకోవడం తప్పు కాదేమో.

మొదటి రెండు మహాసభల అధ్యక్ష పీఠాలూ ఈ ఇద్దరికే దక్కాయి: 1930 జోగిపేట సురవరానికి, 1931 దేవరకొండ బూర్గులకు. పాలమూరు చరిత్రకారులు దీన్ని జిల్లాకు దక్కిన గౌరవంగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు. నాకు అందులో కనిపించేది మరొకటి. అధ్యక్షత అప్పట్లో అధికారం కాదు. మిత్రబృందం తనలో ఒకరికి చేసే సన్మానం. 1930 నుంచి 1940 వరకు జరిగిన ఏడు మహాసభల అధ్యక్షులను చూడండి: సురవరం, బూర్గుల, పులిజాల వెంకటరంగారావు, మాడపాటి, కొండా వెంకటరంగారెడ్డి, మందుముల నరసింగరావు, మందుముల రామచంద్రరావు. ఐదోది పాలమూరు జిల్లాలోని షాద్‌నగరులో 1936లో జరిగింది. సభలు జిల్లాలు తిరిగాయి, పీఠం మాత్రం పరిచితుల చేతుల్లోనే తిరిగింది. ఒకరిని ఒకరు గౌరవించుకునే ఈ వరుసలో దురుద్దేశం వెదకనక్కరలేదు. తమకు ఇష్టమైనవారే పలుకుబడి గలవారని నమ్మే బృందం సహజంగా చేసే పని అది.

ఆ నమ్మకానికి వెలుపల ఉన్నవారి సంగతి క్లుప్తంగానైనా చెప్పాలి. జోగిపేటలో మహాసభతోపాటు జరిగిన ఆంధ్ర మహిళాసభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మహిళాసభలు పక్కపక్కనే సాగాయి, ప్రధాన మహాసభ పీఠం మీద మాత్రం ఒక్క స్త్రీ కూడా కూర్చోలేదు. 1906లోనే జగన్మిత్రమండలి స్థాపించి అదే నగరంలో దళితుల కోసం దశాబ్దాలు శ్రమించిన భాగ్యరెడ్డివర్మ పేరూ ఆ జాబితాలో లేదు. ఆయనకున్న పలుకుబడి తక్కువేమీ కాదు. నగరంలోని దళితవాడల్లో ఆ మిత్రబృందంలో ఎవరికీ లేనంత ఉంది. కాని సాయంత్రం వసారాలో కూర్చునే మిత్రుల వరుసలో ఆయనకు చోటు లేదు. ఇష్టం అనే జల్లెడకు కులం, లింగం అనే కన్నాలున్నాయని ఇక్కడ తెలుస్తుంది.

భువనగిరి

రావి నారాయణరెడ్డి నల్లగొండ జిల్లా బొల్లేపల్లివారు. 1908లో పుట్టారు, మాడపాటికి ఆయన కొడుకు వయసు. 1938 సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. హరిజన సేవలో పనిచేశారు. 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షులైనప్పుడు ఆయన మీద పెద్దల అభిమానమే ఉండేది. కాని అప్పటికే ఆయన పలుకుబడి వేరే చోట పెరుగుతున్నది. వసారాల్లో కాదు, వెట్టి చేసే ఊళ్లలో. అక్కడివారు మహాసభ పూర్తి పేరు కూడా పలికేవారు కారు, ‘సంగం’ అనేవారు. 1944లో భువనగిరిలో ఆయన రెండోసారి అధ్యక్షులయ్యారు. పాత మిత్రబృందంలోని మితవాదులు, జాతీయవాదులు ఆ సభకు దూరంగా నిలిచారు. మరుసటి ఏడు ఒక పక్షం ఖమ్మంలో, రెండో పక్షం మడికొండలో వేర్వేరుగా మహాసభలు జరుపుకున్నాయి.

ఈ చీలికను సిద్ధాంతాల చీలికగా వివరించడం పరిపాటి. అది నిజమే. కమ్యూనిస్టులకూ, కాంగ్రెసువారికీ మధ్య అభిప్రాయభేదం చిన్నది కాదు. అయినా చిన్న బృందం దృష్టితో చూస్తే అదనంగా ఒకటి కనబడుతుంది. 1930లలో పీఠం మీదికి ఎవరు వచ్చినా గదిలోనివారి మధ్య ఇష్టం తరిగిపోలేదు, ఎందుకంటే అధ్యక్షుడి మాట చెల్లవలసింది ఆ గదిలోనే. 1944 నాటికి అధ్యక్షుడి మాట వేల ఊళ్లలో చెల్లడం మొదలైంది. గదిలోని ఇష్టానికి ఆ చెల్లుబాటును ఆపే శక్తీ లేదు, ఇచ్చే శక్తీ లేదు. నొచ్చుకున్న పెద్దలు వ్యక్తిగా నారాయణరెడ్డిని ద్వేషించారనడానికి వారి రాతల్లో ఆధారం కనబడదు. తమకు తెలిసిన పలుకుబడి తమ చేతుల్లోంచి జారిపోయిందన్న బాధ మాత్రం కనబడుతుంది. పితామహుడన్న బిరుదు అట్లాగే ఉంది. మనుమలు వేరింటి కాపురం పెట్టారు.

1952 సాధారణ ఎన్నికల్లో నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోకసభకు గెలిచారు. ఆయనకు వచ్చిన ఓట్లు జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. అదే ఎన్నికల్లో సురవరం వనపర్తి నుంచి, బూర్గుల షాద్‌నగరు నుంచి హైదరాబాదు శాసనసభకు వెళ్లారు. మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసిన రాష్ట్రంలో, మూడు భాషల సభ్యులున్న కాంగ్రెసు పక్షంలో ఆయన ఎంపిక కావడానికి కారణాలు అనేకం. ఏ వర్గానికీ పరాయివాడు కాకపోవడం అందులో చిన్న కారణం కాదు. పుణెలో నేర్చిన మరాఠీ, వకీళ్ల గదుల్లో సంపాదించిన స్నేహాలు ముప్పై ఏళ్ల తరువాత రాజకీయ విలువను పొందాయి. ఆ ఏడే సెప్టెంబరులో ముల్కీ ఆందోళన, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు ఆయన ప్రభుత్వాన్ని చుట్టుముట్టాయి. తోటి నాయకుల ఇష్టం విద్యార్థుల వీధిలో చెల్లలేదు. ఎనిమిదేళ్ల కిందట భువనగిరిలో కనిపించిన దూరమే అది, ఈసారి మరింత కఠోరంగా.

సురవరం మంత్రి కాలేదు. మిత్రుడు ముఖ్యమంత్రిగా ఉన్న సభలో ఆయన శాసనసభ్యుడిగానే ఉండిపోయారు. అభిమానించడానికి కొదవలేదు, జోగిపేట మొదటి అధ్యక్షుడని, గోలకొండ సంపాదకుడని ఆయన్ను గౌరవించనివారు ఆ సభలో ఉండి ఉండరు. కాని సంపాదకుడి పలుకుబడి ఓట్ల లెక్కలో, శాఖల పంపకంలో చెల్లే నాణెం కాదు. పాఠకులకు ఆయన సొంతం. పక్షానికి అంత సొంతం కాదు. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొదటి పుస్తకం అదే. రాజులను పక్కకు జరిపి, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, నమ్మిన నమ్మకాల గురించి రాసిన చరిత్ర అది. అప్పటికి బూర్గుల ఇంకా ముఖ్యమంత్రిగానే ఉన్నారు.